ఒకరి పనికొకటి, వరస పనికొకటి: సిక్కోలు, విజయనగరంలో రెండు రకాల ప్రాసెసర్ల చరిత్ర

డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఒక మనిషి ముందున్న యంత్రాన్ని నడుపుతుంది. సర్వర్ ప్రాసెసర్ ఎక్కడెక్కడినుంచో వందలమంది, వేలమంది ఒకేసారి అడిగే పనులు చేసిపెడుతుంది. చేతిలో ఉన్న ఒక్క పనిని చప్పున ముగించడం మొదటిదాని గుణం. వరసలో ఎవరూ నిలిచిపోకుండా, రాత్రీ పగలూ ఆగకుండా, లెక్క తప్పకుండా సాగడం రెండోదాని గుణం. లెక్కలు కట్టే భాగం రెండింటిలోనూ ఒకే జాతిది. ఈమధ్య కాలంలో కొన్నిటిలో అచ్చంగా ఒకే సిలికాన్ ముక్క. తేడా అంతా ఆ ముక్క చుట్టూ చేసిన ఏర్పాట్లలో ఉంది: ఎన్ని కోర్లు (లెక్కలు కట్టే భాగాలు), ఎంత మెమరీ, తప్పు దొర్లితే పట్టుకునే దారి ఉందా లేదా, కరెంటు ఎంత తాగుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మొదటిది అందరి కళ్ల ముందూ ఉంది. శుభలేఖలు కూర్చే డీటీపీ సెంటర్లో, మీసేవ కౌంటర్లో, గ్రామ సచివాలయంలో, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఉన్నది అదే. రెండోదాన్ని చూసినవారు అరుదు. పేరు మాత్రం అందరి నోటా నలిగింది. పొలం రిజిస్ట్రేషన్‌కో, రైలు టికెట్‌కో, బ్యాంకులో డబ్బుకో వెళ్లినవారు "సర్వర్ పనిచేయట్లేదు" అన్న మాట విని వెనక్కి తిరగడం మామూలే. ఈ జిల్లాల కంప్యూటర్ చరిత్ర చాలావరకు ఆ సర్వర్ ఏ కాలంలో ఎక్కడుందన్న చరిత్రే.

రైల్వే కౌంటరు, కలకత్తా యంత్రం

ఇక్కడి సామాన్యులకు కంప్యూటర్ ఎదురైన తొలి చోట్లలో రైల్వే రిజర్వేషన్ కౌంటరు ఒకటి. అంతకుముందు రిజర్వేషన్ అంటే లావుపాటి రిజిస్టరు. స్టేషను కోటాలో బెర్తు ఉంటే గుమాస్తా పేరు రాసుకునేవాడు. తిరుగు ప్రయాణానికైతే అవతలి స్టేషనుకు తంతి కొట్టి జవాబు కోసం కాచుకోవాలి. 1985 నవంబరులో రైల్వే శాఖ ఢిల్లీలో ఈ పనిని కంప్యూటర్‌లోకి మార్చడం మొదలుపెట్టింది. తర్వాతి నాలుగైదేళ్లలో కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికిందరాబాదుల్లోనూ అలాంటి కేంద్రాలు వచ్చాయి. మొదట వాడినవి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ తయారుచేసిన వాక్స్ యంత్రాలు. ఆ తరం వాక్స్‌లో ప్రాసెసర్ అంటే ఒక చిప్పు కాదు. బీరువా లాంటి పెట్టెలో వరసగా గుచ్చిన సర్క్యూట్ బోర్డులు.

అప్పట్లో విజయనగరం జంక్షన్, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆగ్నేయ రైల్వే వాల్తేరు డివిజన్ కింద ఉండేవి. ఆ జోన్ కేంద్రం కలకత్తా. 2003 ఏప్రిల్‌లో వాల్తేరు డివిజన్ భువనేశ్వర్ కేంద్రంగా ఏర్పడిన తూర్పు కోస్తా రైల్వేలోకి మారినా, రిజర్వేషన్ లెక్కల యంత్రం కోల్‌కతాలోనే ఉంది. టికెట్ మీది పది అంకెల పీఎన్‌ఆర్ ఈ సంగతి చెబుతుంది: కోల్‌కతా కేంద్రం పరిధిలోని రైళ్లకు ఆ సంఖ్య 6తోనో 7తోనో మొదలవుతుంది.

కౌంటర్లో గుమాస్తా ముందున్నది తొలినాళ్లలో పూర్తి కంప్యూటర్ కూడా కాదు. డంబ్ టెర్మినల్ అనే తెర, ఒక కీబోర్డు, పక్కన గరగరమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. నొక్కిన అక్షరాలను టెలిఫోన్ తీగ మీద పంపడం, వచ్చిన అక్షరాలను తెర మీద చూపడం వరకే దాని పని. బెర్తు ఉందో లేదో తేల్చేది రైలు దారిన సుమారు 820 కిలోమీటర్ల దూరాన ఉన్న యంత్రం. అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా కలిపే పని 1999 ఏప్రిల్‌లో పూర్తయింది. ఆ ఏర్పాటు పేరు కాన్సర్ట్. అప్పటినుంచి విజయనగరం కౌంటర్లో నిలబడి దేశంలో ఎక్కడినుంచి ఎక్కడికైనా బెర్తు తీసుకోవడం కుదిరింది. యంత్రాల తరాలు మారాయి. వాక్స్ తర్వాత ఆల్ఫా, ఆల్ఫా తర్వాత ఇటానియం ప్రాసెసర్లు వచ్చాయి. వాటిమీద నడిచే ఓపెన్‌విఎంఎస్ అనే వ్యవస్థ మాత్రం మారలేదు. డీటీపీ దుకాణంలోని పీసీకి ఈ ప్రాసెసర్లతో చుట్టరికం లేదు. ఆ కాలంలో సర్వర్ వంశం వేరు, డెస్క్‌టాప్ వంశం వేరు.

జిల్లా కలెక్టరేట్లకు కంప్యూటర్ వచ్చిన దారీ ఇలాంటిదే. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ 1980ల చివర్లో దేశంలోని జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా నిక్‌నెట్ అనే వలలో కలిపింది. జిల్లాలో పీసీ తరగతి యంత్రం, మిద్దె మీద చిన్న డిష్. పెద్ద యంత్రాలు ఢిల్లీ, పుణె, భువనేశ్వర్, హైదరాబాదుల్లో.

బల్ల మీది చిప్పు

డెస్క్‌టాప్ వంశం 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీతో స్థిరపడింది. అందులోని ఇంటెల్ 8088 చిప్పులో ట్రాన్సిస్టర్లు దాదాపు 29,000. 1985లో 386, 1989లో 12 లక్షల ట్రాన్సిస్టర్ల 486, 1993లో 31 లక్షల ట్రాన్సిస్టర్ల పెంటియం వచ్చాయి. చిన్న పట్టణాల్లో ఈ చిప్పుకు గిరాకీ తెచ్చిన పనుల్లో అచ్చు పని ముఖ్యమైంది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చే కంపోజిటర్ స్థానంలో, పేజ్‌మేకర్ తెరిచి అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్లతో అక్షరాలు కూర్చే డీటీపీ ఆపరేటర్ వచ్చాడు. శుభలేఖలు, కరపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, ఎన్నికల పోస్టర్లు ఆ బల్ల మీదే తయారయ్యేవి. ఆపరేటర్ ఒకడు, తెర ఒకటి, పని ఒకటి. ఒత్తు కొట్టిన మరుక్షణం అక్షరం కింద ఒత్తు కనిపించాలి. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు పెట్టే పరీక్ష అదే.

1997లో రాజాంలో జీఎంఆర్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడాది విజయనగరం దగ్గర చింతలవలసలో ఎంవీజీఆర్ కాలేజీ మొదలయ్యాయి. రాజాం అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలోది. 2022 పునర్విభజనలో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 1990ల ల్యాబుల్లో దేశమంతటా కనిపించిన ఒక ఏర్పాటు ఈ చరిత్రకు పనికొస్తుంది. హార్డ్ డిస్కు లేని పీసీలు వరసగా ఉంటాయి. మూలన ఉన్న ఒక పీసీలో నోవెల్ నెట్‌వేర్ నడుస్తూ అందరి ఫైళ్లనూ దాస్తుంది. దాన్నే సర్వర్ అనేవారు. లోపల ఉన్నది మాత్రం మామూలు 486. అంటే పీసీ లోకంలో సర్వర్ అన్నది ముందు ఒక ఉద్యోగం పేరు. ఆ ఉద్యోగం కోసమే వేరే చిప్పు తయారుచేయడం తర్వాతి సంగతి.

ఒకే వంశం రెండుగా చీలడం

ఆ చీలిక 1995 నవంబరులో పెంటియం ప్రోతో మొదలై 1998లో ఖాయమైంది. పెంటియం ప్రోలో రెండో అంచె క్యాష్‌ను ప్రాసెసర్ పక్కనే, ఒకే ప్యాకేజీలో పెట్టారు. క్యాష్ అంటే మాటిమాటికీ కావలసిన సమాచారాన్ని చేతికందే దూరంలో ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ. బియ్యం బస్తా అటక మీద ఉన్నా పూటకు సరిపడా గింజలు డబ్బాలో ఉంచుకున్నట్టు. పెంటియం ప్రోలను ఒకే బోర్డు మీద నాలుగింటి దాకా కలిపి నడపవచ్చు. ఆ కలయిక ఇంటికి అక్కర్లేదు, ఆఫీసు సర్వర్‌కు కావాలి.

1997లో సామాన్య వినియోగానికి పెంటియం టూ వచ్చింది. 1998 జూన్‌లో ఇంటెల్ అదే ప్రాసెసర్‌ను వేరే గూటిలో, వేరే పేరుతో తెచ్చింది: పెంటియం టూ జియాన్. లెక్కలు కట్టే భాగం రెండింటిలోనూ ఒకటే. పెంటియం టూలో 512 కిలోబైట్ల క్యాష్ ప్రాసెసర్ వేగంలో సగంతో నడిచేది. జియాన్‌లో క్యాష్ పూర్తి వేగంతో నడిచేది, పరిమాణమూ పెంచుకోవచ్చు. పెంటియం టూలను రెండు కలపవచ్చు, జియాన్‌లను నాలుగు. 400 మెగాహెర్ట్జ్ జియాన్ ధర 512 కిలోబైట్ల క్యాష్‌తో 1,124 డాలర్లు, ఒక మెగాబైట్‌తో 2,836 డాలర్లు. క్యాష్ రెట్టింపైతే ధర రెండున్నర రెట్లయింది. సర్వర్ కొనేవాడు ఎందుకు డబ్బు పెడతాడో ఆ ధరల పట్టీలోనే తెలిసిపోయింది.

ఆ ఏడాదే, 1998 నవంబరు 4న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కార్డ్ పథకం మొదలైంది. రిజిస్ట్రేషన్ శాఖ పనిని కంప్యూటర్‌తో నడపడానికి పెట్టిన పథకం అది. దానికి ముందు దస్తావేజును చేత్తో నకలు రాసి పుస్తకాల్లో కట్టేవారు. ఒక పొలం మీద తాకట్టు ఉందో లేదో తెలిపే ఈసీ కావాలంటే ఏళ్లనాటి సూచిక పుస్తకాలు తిరగేయాలి, రోజులు పట్టేది. కార్డ్ వచ్చాక ఈసీ కొద్ది నిమిషాల్లో చేతికి రావడం మొదలైంది. తర్వాత మిగిలిన కార్యాలయాలకూ ఈ పద్ధతి విస్తరించింది.

కార్డ్ తొలి రూపంలో సర్వర్ కార్యాలయంలోనే ఉండేది. ఒక గదిలో సర్వర్, దానికి తీగలతో కలిపిన పీసీలు పక్క బల్లల మీద. గుమాస్తా పీసీలో సర్వే నంబరు కొడితే జవాబు గోడ అవతలినుంచి వచ్చేది. బ్యాంకుల్లోనూ అప్పటి పద్ధతి ఇదే. స్టేట్ బ్యాంకు శాఖల్లో బ్యాంక్‌మాస్టర్ అనే సాఫ్ట్‌వేర్ నడిచేది. ఏ శాఖ సర్వర్ ఆ శాఖదే, ఏ శాఖ ఖాతాలు ఆ శాఖవే. 1990ల చివర్లో సర్వర్ సొంత ఊళ్లో ఉన్న కాలం అది. కొద్ది ఏళ్లకే ముగిసింది.

తొమ్మిదో చిప్పు

డెస్క్‌టాప్‌కూ సర్వర్‌కూ ఉన్న తేడాను కంటితో చూడాలంటే ప్రాసెసర్ కంటే ర్యామ్ కడ్డీని చూడటం తేలిక. డీడీఆర్4 తరం వరకు మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ కడ్డీ మీద ఒక వైపు సాధారణంగా ఎనిమిది నల్ల చిప్పులు ఉంటాయి. అదే తరహా సర్వర్ కడ్డీ మీద తొమ్మిది. ఎనిమిది చిప్పులు కలిసి ఒక్కసారికి 64 బిట్ల సమాచారం ఇస్తాయి. తొమ్మిదోది మరో 8 బిట్లు ఇస్తుంది. అందులో ఉండేది సమాచారం కాదు, ఆ 64 బిట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే లెక్క. దీన్నే ఈసీసీ మెమరీ అంటారు. భూమి ఈసీతో దీనికి సంబంధం లేదుగాని, చేసే పనిలో పోలిక ఉంది. రెండూ ముందున్న పద్దు నమ్మదగినదేనా అని చూసేవే.

మెమరీలో బిట్ అప్పుడప్పుడు దానంతటదే తారుమారవుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే కణాల తాకిడి ఒక కారణం, చిప్పులో లోపం మరొకటి. కంప్యూటర్లో 1 అనే అంకెను 00110001గా, 9 అనే అంకెను 00111001గా రాస్తారు. రెండింటికీ తేడా ఒక్క బిట్. ఆ ఒక్కటి తిరగబడితే 10 సెంట్ల స్థలం 90 సెంట్లవుతుంది. డీటీపీ పీసీలో ఇలా జరిగితే శుభలేఖలో ఒక అక్షరం మారుతుంది. ప్రూఫు చదివేవారు దిద్దుతారు. భూమి పద్దులో జరిగితే ఏళ్ల తర్వాత కోర్టు గుమ్మంలో తేలుతుంది. తొమ్మిదో చిప్పు ఒక బిట్ తప్పితే అక్కడికక్కడే సరిచేస్తుంది. రెండు తప్పితే తప్పిందని చెప్పి ఆపుతుంది.

ఈ లెక్క చూసే తెలివి ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌లో ఉండాలి. సర్వర్ ప్రాసెసర్లన్నిటిలో అది ఉంటుంది. చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దాన్ని మూసి ఉంచుతారు, లేదా బోర్డు దాన్ని వాడుకోదు. సర్వర్‌లో ఇలాంటి జాగ్రత్తలు ఇంకా ఉంటాయి: ఒకటి పోయినా రెండోదానితో నడిచే జంట పవర్ సప్లైలు, యంత్రం ఆపకుండా మార్చగల డిస్కులు, లోపాలను పసిగట్టి నమోదుచేసే ఏర్పాటు.

ఒక బెర్తు, వెయ్యి కౌంటర్లు

ముందస్తు రిజర్వేషన్ ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఆ నిమిషంలో విజయనగరం, పలాస, బొబ్బిలి కౌంటర్లతో పాటు దేశమంతటి కౌంటర్లు, ఫోన్లు అదే యంత్రాలను అడుగుతాయి. ఇందులో ఏ ఒక్క ప్రశ్నా కష్టమైనది కాదు. ఫలానా రైలులో ఫలానా తేదీన బెర్తు ఉందా, ఉంటే ఇవ్వు. ఏ డెస్క్‌టాప్ చిప్పయినా రెప్పపాటులో తేల్చేస్తుంది. కష్టమంతా అవి ఒకేసారి రావడంలో ఉంది, ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వకుండా చూడటంలో ఉంది.

ఒక కోర్ బెర్తు కేటాయిస్తున్నప్పుడు మిగతా కోర్లు దాన్ని ముట్టుకోకూడదు. కేటాయించిన వెంటనే ఆ మార్పు అన్ని కోర్లకూ తెలియాలి. ప్రతి కోరూ తన క్యాష్‌లో ఒక నకలు ఉంచుకుంటుంది కాబట్టి పాత నకళ్లను రద్దుచేస్తూ పోవాలి. నలుగురు గుమాస్తాలు ఒకే రిజిస్టరు మీద రాస్తున్నట్టుంటుంది పని. ఒకడు రాసేదాకా తక్కినవాళ్లు కలం ఎత్తి పట్టుకోవాలి. సర్వర్ ప్రాసెసర్‌లో ఖర్చు చాలామటుకు ఈ సమన్వయానికే పోతుంది: పెద్ద క్యాష్, కోర్ల మధ్య వెడల్పైన దారులు, మెమరీకి ఎక్కువ ఛానెళ్లు, రెండు ప్రాసెసర్లను కలిపే లంకెలు.

సర్వర్ ఊరు దాటడం

2000 తర్వాత తీగలు బాగుపడ్డాయి. ఊరూరా సర్వర్ పెట్టి కాపాడటం కంటే ఒకేచోట పెద్ద సర్వర్లు పెట్టి అందరినీ కలపడం చౌక అయింది. స్టేట్ బ్యాంకు 2008 నాటికి తన శాఖలన్నిటినీ కోర్ బ్యాంకింగ్‌లోకి తెచ్చింది. శాఖలోని సర్వర్ పోయి, ఖాతా ఏ శాఖలోనైనా తెరుచుకోవడం మొదలైంది. ప్రభుత్వ సేవలు 2001లో హైదరాబాదులో ఈసేవగా మొదలై, 2011 నవంబరులో మీసేవగా కొత్త రూపం తీసుకున్నాయి. మీసేవలో ధ్రువపత్రం డిజిటల్ సంతకంతో కేంద్ర సర్వర్‌లో ఉంటుంది. కౌంటర్లో జరిగేది దాన్ని ముద్రించడమే. రిజిస్ట్రేషన్ సమాచారం కూడా కేంద్రీకృత సర్వర్లకు మారింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు రాష్ట్రమంతా కలిపి 15,004. ఒక్కోదానిలో డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. సర్వర్ ఏ ఒక్కదానిలోనూ లేదు.

దీని లాభనష్టాలు రెండూ తుపానుల్లో బయటపడ్డాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. సర్వర్ ఊళ్లోనే ఉన్న పాత పద్ధతిలో అయితే గదిలోకి చేరిన నీరు పద్దులనే మింగే ప్రమాదం ఉండేది. దూరాన ఉన్న సర్వర్‌లో పద్దులు భద్రంగా ఉంటాయి. కానీ కరెంటు, తీగ రెండూ వచ్చేదాకా ఇక్కడి డెస్క్‌టాప్ ఎంత మంచిదైనా దాని ముందు కూర్చున్నవారు చేయగలిగేది లేదు. కేంద్ర సర్వర్ మొరాయిస్తే తుపాను లేకపోయినా అన్ని ఊళ్లలో ఒకేసారి పని ఆగుతుంది. పాత పద్ధతిలో ఒక కార్యాలయం సర్వర్ చెడితే ఆ ఒక్క కార్యాలయమే ఆగేది.

ఒకే గింజ, వేరే గ్రేడు

సర్వర్లు ఊరు దాటుతున్న ఏళ్లలోనే వాటి లోపలి చిప్పు డెస్క్‌టాప్ చిప్పుకు దగ్గరైంది. వాక్స్, ఆల్ఫా వంశాలు అంతరించాయి. ఇంటెల్, హెచ్‌పీ కలిసి 2001లో తెచ్చిన ఇటానియం సరఫరా 2021లో ఆగిపోయింది. 2003 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన ఆప్టెరాన్ పీసీ వంశానికి 64 బిట్ల శక్తి ఇచ్చి, మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలికే తెచ్చింది. అప్పటినుంచి సర్వర్ గదుల్లో పీసీ వంశానిదే రాజ్యమైంది.

2017లో ఈ దగ్గరితనం ఒక్క ముక్కకు వచ్చింది. ఏఎండీ ఇంజనీర్లు ఎనిమిది కోర్లున్న ఒకే సిలికాన్ ముక్కను రూపొందించారు. ఆ ముక్క ఒక్కటి పెడితే డెస్క్‌టాప్‌కు రైజెన్ 7. నాలుగింటిని ఒకే ప్యాకేజీలో కలిపితే సర్వర్‌కు 32 కోర్ల ఎపిక్. ఒక్కో ముక్కకు రెండు మెమరీ ఛానెళ్లు. అందుకే రైజెన్‌కు రెండు, ఎపిక్‌కు ఎనిమిది. రైజెన్ 7 1800ఎక్స్ ధర 499 డాలర్లు, వేగం 3.6 నుంచి 4 గిగాహెర్ట్జ్. ఎపిక్ 7601 ధర 4,200 డాలర్లు, వేగం 2.2 నుంచి 3.2 గిగాహెర్ట్జ్.

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు బట్టీల్లో జరిగేదానికి ఇది దగ్గరగా ఉంటుంది. ఒకే తోటలోని ఒకే గింజ, ఒలిచాక గుండు వేరు, బద్ద వేరు, సైజును బట్టి 180, 240, 320 గ్రేడులు వేరు; ధరలు వేరు. సిలికాన్ ముక్కలనూ తయారయ్యాక పరీక్షించి వేరుచేస్తారు. తక్కువ కరెంటుతో నిలకడగా నడిచేవి సర్వర్‌కు సరిపోతాయి. రెండు కోర్లు చెడినవి పారేయరు. ఆ రెండూ మూసి ఆరు కోర్ల రైజెన్ 5గా అమ్ముతారు.

2022 తరం పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక ఇంకా స్పష్టమవుతుంది. ఆ సెప్టెంబరులో వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్ సామాన్య డెస్క్‌టాప్ బోర్డుల్లో పెట్టగలిగిన వాటిలో పైతరగతిది. నవంబరులో వచ్చిన ఎపిక్ 9654 సర్వర్ల వరసలో పైతరగతిది. రెండింటిలోనూ ఎనిమిది కోర్ల ముక్కలే. మొదటిదానిలో రెండు, రెండోదానిలో పన్నెండు. కోర్లు 16, 96. చిప్పు అడుగున బోర్డుకు తగిలే చుక్కలు 1,718, 6,096. మూడో అంచె క్యాష్ 64 మెగాబైట్లు, 384 మెగాబైట్లు. కోరుకు పంచితే రెండింటిలోనూ నాలుగే. మెమరీ ఛానెళ్లు 2, 12. సెకనుకు మెమరీ నుంచి వచ్చే సమాచారం గరిష్ఠంగా 83 గిగాబైట్లు, 460 గిగాబైట్లు. కోరుకు పంచితే ఇదీ ఇంచుమించు సమానమే. సర్వర్ చిప్పు ఏ ఒక్క కోరునూ గొప్పదాన్ని చేయలేదు. ఆరు రెట్లమంది భోజనానికి కూర్చున్నా ఎవరి విస్తట్లోనూ తగ్గకుండా చూసింది.

తేడా మొదలయ్యేది వేగం దగ్గర. డెస్క్‌టాప్ చిప్పులో ఒక కోర్ సెకనుకు 570 కోట్ల అడుగుల దాకా వేస్తుంది. సర్వర్ చిప్పులో 370 కోట్ల దాకా. కరెంటు డెస్క్‌టాప్‌కు 170 వాట్లు, సర్వర్‌కు 360 వాట్లు. కోరుకు లెక్కగడితే డెస్క్‌టాప్‌లో పది వాట్ల పైన, సర్వర్‌లో నాలుగు వాట్ల లోపు. వేగం కొంచెం తగ్గించుకుంటే కరెంటు చాలా మిగులుతుంది; ఏడాది పొడవునా ఆగని యంత్రానికి ఆ మిగులే ముఖ్యం. విడుదలైనప్పటి ధర 699 డాలర్లు, 11,805 డాలర్లు. కోరుకు 44 డాలర్లు, 123 డాలర్లు. నిదానంగా నడిచే కోరుకు దాదాపు మూడు రెట్ల ధర ఎందుకంటే, కొనేది కోరును మాత్రమే కాదు. ఆరు టెరాబైట్ల దాకా మెమరీ, డిస్కులకూ నెట్‌వర్క్ కార్డులకూ 128 పీసీఐ దారులు, ఈసీసీ, రెండు చిప్పులను ఒకే యంత్రంగా నడిపే వీలు ఆ ధరలో కలిసే వస్తాయి.

ఏ పనికి ఏది

డీటీపీ, టాలీ లెక్కలు, ఫోటో స్టూడియో ఆల్బం పని, ఇంటి చదువులు ఒక మనిషి ఒక పని చేసుకునే కోవలోవి. వీటికి సర్వర్ చిప్పు దండగే కాదు, నెమ్మది కూడా. పెద్ద కంపెనీలు తీసేసిన పాత జియాన్ చిప్పులు సెకండ్‌హ్యాండ్ బజారులో చవగ్గా దొరుకుతాయి. 2012 నాటి జియాన్ ఇ5-2670లో ఎనిమిది కోర్లు ఉన్నా వేగం 3.3 గిగాహెర్ట్జ్‌కు మించదు, కరెంటు 115 వాట్లు. పేజీ తిప్పే పనిలో అది కొత్త కోర్ ఐ3 ముందు నిలవదు. వీడియోలు మార్చడం, వర్చువల్ మెషీన్లతో పాఠాలు చెప్పడం లాంటి, ముక్కలుగా పంచగల పనుల్లో మాత్రం ఆ కోర్లు అక్కరకొస్తాయి.

సచివాలయం, మీసేవ కౌంటర్లలో డెస్క్‌టాప్ ఎంత వేగమైనదన్నది దాదాపు లెక్కలోకి రాదు. బ్రౌజర్ తెరిచి చూపగలిగితే చాలు. మిగతాది అవతలి గది పని. కాలేజీ, ఆసుపత్రి, సహకార సంఘం వంటివి సొంత పద్దులు సొంత యంత్రంలో ఉంచుకునేటప్పుడు మధ్యరకం సర్వర్ చిప్పులు సరిపోతాయి. అక్కడ కోర్ల సంఖ్య కంటే తొమ్మిదో చిప్పు, జంట పవర్ సప్లై ముఖ్యం.

పక్క జిల్లాకు వస్తున్న సర్వర్

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కేంద్రాన్ని నిర్మిస్తామని ప్రకటించింది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ ఇందులో భాగస్వాములు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, సముద్రగర్భ కేబుళ్ల రాక అందులో భాగం. గిగావాట్ అంటే పది లక్షల కిలోవాట్లు. అలాంటి కృత్రిమ మేధ కేంద్రాల్లో కరెంటు ఎక్కువగా తాగేవి గ్రాఫిక్స్ చిప్పులు, వాటి తరహా ప్రత్యేక చిప్పులు. సర్వర్ ప్రాసెసర్ వాటికి సమాచారం అందించే మేస్త్రీ పనిలోకి మారుతోంది.

విజయనగరం నుంచి విశాఖపట్నం రైలు దారిన 61 కిలోమీటర్లు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పక్క గదినుంచి రాష్ట్ర కేంద్రానికి వెళ్లిన సర్వర్ తరగతి యంత్రం, మరో రూపంలో మళ్లీ ఈ చుట్టుపక్కలకు వస్తోంది. అయితే దగ్గరైనంత మాత్రాన ఇక్కడి కౌంటర్ల వేగం మారదు. ఆప్టికల్ ఫైబర్లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కోల్‌కతా దాకా 820 కిలోమీటర్ల తీగ వేసినా పోయి రావడానికి పట్టేది సెకనులో నూరో వంతు కంటే తక్కువ. ఉదయం ఎనిమిది గంటలకు కౌంటర్ ముందు నిలబడ్డవారు ఎంతసేపు కాచుకోవాలన్నది ఆ దూరాన్ని బట్టి తేలదు. అవతల ఎన్ని కోర్లు ఉన్నాయి, వాటి ముందు ఎంత వరస ఉంది, నడుమ తీగ తెగకుండా ఉందా అన్నవాటిని బట్టి తేలుతుంది.